నారింజ పూల పిప్పి

మా అత్తయ్య షాద్లియా ముద్దుల విషయంలో పరమ పిసినారి. తన ముద్దులు దాచుకుంటే ఆవిడ ఇష్టం అనుకోవచ్చు, ఊరివాళ్ళ ముద్దులకి కూడా ఆవిడే కాపలా. మా నాబుల్ ఊళ్ళో మనిషికి మనిషి ఎదురుపడితే రెండు చెంపల మీదా ముద్దు పెట్టుకోవడమే పలకరింపు. ఒక పెళ్ళికి వెళ్ళొస్తే చెంపలు అరిగిపోతాయి. అలాంటి ఊళ్ళో ఈవిడ వీధి గుమ్మంలో నిలబడి, మా పాపని చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళనీ "బిడ్డకి దూరం! దూరం!" అంటూ చీపురు ఊపేది. మా ఆయన మోంజీ పోస్టాఫీసులో పనిచేసేవాడు. పొద్దున్నుంచీ ఊరందరి ఉత్తరాలూ ముట్టుకున్న పాపానికి, సాయంత్రం ఇంటికి రాగానే కన్నతల్లి ఆయన చేతులకి సబ్బు రాయించి, వేళ్ళు వాసన చూసి, ఆ తర్వాతే కన్నకూతుర్ని ఎత్తుకోనిచ్చేది. నా వేళ్ళు మాత్రం వాసన చూసేది కాదు. చూస్తే బాగానే ఉన్నాయని ఒప్పుకోవాల్సొస్తుందని భయం కాబోలు.

ఆవిడ పోయి చాలాకాలమైంది. మా నారింజ తోట ఉన్నచోట ఇప్పుడు నాలుగంతస్తుల మేడ ఉంది. కింద సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం, పైన ఎవరెవరో. అయినా మార్చి ఆఖర్లో ఏదో ఒక సాయంత్రం, ఊళ్ళో ఇంకా మిగిలిన నాలుగు పెరళ్ళలోంచి పూల వాసన గాలిలో తేలివస్తుంది. నేను పొయ్యిమీద కూర వదిలేసి కిటికీ దగ్గర నిలబడిపోతాను. మాడిన కూర పళ్ళెంలో చూసుకుని మోంజీ, "ఓహో, వసంతం వచ్చిందన్నమాట" అంటాడు. ఏడాదికోసారి మాడిన కూర తినడం ఆయనకి అలవాటైపోయింది.

మాది మేనరికం. మా మామగారు నాకు స్వయానా మేనమామ. మా పెళ్ళికి ఆయన లేరు కానీ, ఆయన మాట ప్రకారం అత్తయ్య నన్ను కోడలిగా తెచ్చుకుని, తన కూతురు సల్వాని మా తమ్ముడు తౌఫీక్‌కి ఇచ్చి కుండమార్పిడి చేసింది. "మా నెత్తురు మా గడపలోనే తిరుగుతుంది. అందులో బయటి కల్తీ లేదు" అని ఊరి స్నానశాల హమ్మామ్‌లో వేడినీళ్ళ తొట్టి పక్కన కూర్చుని చెప్పుకునేది. రసాయనశాస్త్రంలో డిగ్రీ చేసిన దాన్ని నేను పక్కనే కూర్చుని ఆవిడ వీపు తోముతూ వినేదాన్ని. ఆ డిగ్రీ నాకు తర్వాత టమాటా మరకలు తీయడానికి బాగా పనికొచ్చింది.

పెళ్ళైన మరుసటేడు దలెండా పుట్టింది. పుట్టగానే అందరు పిల్లలకీ వేసినట్టే భుజానికి క్షయ టీకా వేశారు. అందరు పిల్లలకీ చిన్న మచ్చ పడి ఊరుకుంటుంది. దీనికి చంకలో నిమ్మకాయంత గడ్డ లేచింది. అది చీము పట్టి, పగిలి, మాని, మళ్ళీ లేచింది. ఆ తర్వాత మెడమీద. ఆ తర్వాత కాలేయంలో. "కాలేయంలో గడ్డ" అని డాక్టరు అంటే, మూడేళ్ళ పిల్లకి అంత లోపల ఎవరి దిష్టి చేరిందా అని మా వీధి ఆడవాళ్ళు తెగ ఆలోచించారు. ఎదురింటి మెహర్జియా దిష్టి తగలకుండా అరచేతి ఆకారపు వెండి బిళ్ళ తెచ్చి మెడలో కట్టింది. అత్తయ్య మాత్రం దిష్టిని అంతగా నమ్మలేదు. ఆవిడకి నమ్మకమైన శత్రువు వేరే ఉంది. అది ఊరి జనం ఊపిరి. మార్కెట్టు, బస్సు, బడి, పెళ్ళి, పోస్టాఫీసు. జబ్బంతా మనుషుల్లోంచే వస్తుందని ఆవిడ సిద్ధాంతం. మరి మందెక్కడుంది? మనుషులు లేనిచోట. అంటే మా నారింజ తోటలో.

ఆ తోట గురించి చెబుతుంటే నాకు ఇప్పటికీ గొంతు మెత్తబడుతుంది. పూల రోజుల్లో చెట్ల కింద తెల్ల దుప్పట్లు పరిచి, నిచ్చెనలెక్కి పూలు రాల్చేవాళ్ళం. తలలో, జేబుల్లో, జాకెట్ల లోపల కూడా పూలు చేరేవి. వాటిని ఇంటికి తెచ్చి గదినిండా ఆరబోసి, పెరట్లో రాగి బట్టీ పెట్టి నీరు దించేవాళ్ళం. బట్టీ గొట్టంలోంచి పూలనీరు బొట్టు బొట్టుగా సీసాలో పడుతుంటే ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. మా ఇంట్లో అంత నిశ్శబ్దం రంజాన్ నెల మధ్యాహ్నాల్లో మాత్రమే ఉండేది. నీరు దించేశాక బట్టీలో ఉడికి మిగిలిన పూల పిప్పిని గంపలకెత్తి, తోటలో ఒక మూల పోగు వేసేవాళ్ళం. అది ఏడాదంతా మాగి, నల్లబడి, మరుసటి వసంతానికి చెట్లకి ఎరువయ్యేది. పారతో తిరగేస్తే లోపల ఇంకా వెచ్చగా ఉండేది, పొగలాంటి బూడిదరంగు దుమ్ము పైకి లేచేది. అత్తయ్య దాని మీదికి వంగి గుండెనిండా పీల్చేది. "చూడు, పూల ఆత్మ ఇది. దీన్ని మించిన మందుందా ఊపిరితిత్తులకి?" అనేది. నాకు తుమ్ములొచ్చేవి. "చదువుకున్న ముక్కు" అని ఎగతాళి చేసేది.

దలెండాకి ఐదో ఏడు నడుస్తుండగా, ఎవరో చెబితే, రాజధానిలో నెత్తురు జబ్బులు చూసే డాక్టరమ్మ సౌసెన్ దగ్గరికి తీసుకెళ్ళాం. సన్నగా, జుట్టు కత్తిరించుకుని, మనిషి ఎంత నెమ్మదో మాట అంత సూటి. ముందు ఒకే ఒక ప్రశ్న అడిగింది.

"మీరిద్దరూ చుట్టాలా?"

నేను నోరు తెరిచేలోగా అత్తయ్య అందుకుంది. "చుట్టాలేంటమ్మా, మేనరికం! మా నెత్తురులో ఇసుమంత కల్తీ లేదు."

"అదే వచ్చిన చిక్కు, పెద్దమ్మా. కాస్త కల్తీ ఉంటే బాగుండేది."

మోంజీ దగ్గినట్టు నటించి నవ్వు మింగాడు. డాక్టరమ్మ మమ్మల్ని మైక్రోస్కోపు దగ్గరికి పిలిచింది. ముందు నా నెత్తురు చూపించింది. తెల్లకణాలు రంగుమందు తాగి, సిరా చుక్కల్లా ముదురు నీలంగా ఉన్నాయి. తర్వాత దలెండాది. అవే కణాలు, అదే మందు. ఒక్కటంటే ఒక్కటి కూడా నీలమవలేదు. వెలిసిపోయిన గుడ్డలా పాలిపోయి ఉన్నాయి.

"ఇవి పురుగుని చూసి పరిగెత్తుతాయి, మింగుతాయి కూడా. కానీ అరిగించుకోలేవు" అంది. "చంపే మంట వీటిలో పుట్టదు. మింగిన పురుగు లోపల బతికే ఉంటుంది. దాని చుట్టూ గడ్డ కడుతుంది. పిల్ల తప్పేం లేదు, మీ పెంపకం తప్పూ లేదు. తల్లిలో సగం, తండ్రిలో సగం దాక్కున్న లోపం దీనిలో కలుసుకుంది."

"పోయిన మీ మామయ్యా అంతేనే" అంది అత్తయ్య నా చెవిలో. "మింగేవాడు, అరిగేది కాదు."

ఆ తర్వాత డాక్టరమ్మ చెప్పిన మాటలతోనే మా ఇంట్లో అసలు యుద్ధం మొదలైంది. పిల్లని బడికి పంపొచ్చంది. జలుబులూ దగ్గులూ అందరు పిల్లల్లాగే తట్టుకుంటుందంది. పెళ్ళిళ్ళకి తీసుకెళ్ళండి, ముద్దులు పెట్టనివ్వండి అంది. రోజూ వేయాల్సిన మందు రాసింది. చివర్న కలం పక్కన పెట్టి, ఒక్కొక్క మాటా ఒత్తి చెప్పింది. "బూజు మాత్రం దీని ప్రాణం తీస్తుంది. కుళ్ళిన ఆకులు, మాగిన ఎరువు, పాత గడ్డి, తడి నేలమాళిగ. ఆ దుమ్ము పీల్చకూడదు. పశువుల కొట్టానికి వద్దు. ఎరువు తిరగేసే తోటకి అసలే వద్దు."

ఇల్లు చేరేదాకా అత్తయ్య బస్సులో తన పక్కన దగ్గుతున్న ఒక ముసలాయన వైపు చూస్తూ కూర్చుంది. ఇంటికొచ్చి తలగుడ్డ విప్పి గోడకి తగిలించి, అప్పుడు అంది. "ఊరివాళ్ళ ఉమ్మి పరవాలేదట. నా పూలతోట విషమట. అంత చదువు చదివి చివరికి నేర్చుకున్నది ఇదా?"

"అత్తయ్యా, ఆవిడకి తెలీకుండా చెబుతుందా?"

"దానికి ఎన్ని నారింజ చెట్లున్నాయి? అడిగావా?"

"నెత్తురు పరీక్షకి నారింజ చెట్లెందుకు?"

"చూశావా, అందుకే తెలీదంటున్నా" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. మోంజీ నాకేసి చూసి భుజాలెగరేశాడు. తల్లికీ పెళ్ళానికీ మధ్య ఆ భుజాలు అంతగా ఎగరడం వల్లే ఆయనకి తర్వాత మెడనొప్పి వచ్చిందని నా అనుమానం.

ఇంకో మాట కూడా చెప్పింది డాక్టరమ్మ, ఈ లోపమున్న బిడ్డకి క్షయ టీకాయే గడ్డ లేపుతుంది, మీ రెండు కుటుంబాలకీ తెలియజేయండని. సూసెలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి, సల్వాకి బిడ్డ పుడితే ముందు నెత్తురు పరీక్ష చేయించాకే ఆ టీకా వేయించమన్నాను. వాడు సరే అనేలోగా అత్తయ్య నా చేతిలోంచి ఫోను లాక్కుని, "ఏం లేదు నాన్నా, మీ అక్క చదువుకున్న భయం. తోటగాలికి పిల్ల ఇప్పటికే సగం కోలుకుంది" అని పెట్టేసింది.

నేను తోట వద్దన్నాను. గట్టిగానే అన్నాను. మోంజీ కూడా ఆ ఒక్కసారీ భుజాలెగరేయకుండా "వద్దమ్మా" అన్నాడు. అత్తయ్య తలూపింది. ఆవిడ తలూపితే ఒప్పుకున్నట్టు కాదని నాకు తెలుసు. విన్నానని మాత్రమే.

మార్చి ఆఖరులో దలెండా మందు అయిపోతే, మా ఊళ్ళో దొరక్క, నేను రాజధానికి బస్సెక్కాను. తిరిగి వచ్చేసరికి ఎండ వాలింది. దలెండా గుమ్మంలోనే ఎదురుపడి నడుం పట్టేసుకుంది. జుట్టులో నల్లటి పొడి. గోళ్ళలో నల్లటి పొడి. ఒళ్ళంతా వెచ్చటి, మాగిన, పుల్లని పూల వాసన.

"అమ్మా, నానమ్మ నాకు చిన్న పార ఇచ్చింది! నేనే పిప్పి తవ్వాను! లోపల పొగ ఉంది తెలుసా?"

నేను అత్తయ్య వైపు చూశాను. ఆవిడ గుమ్మడికాయ ముక్కలు కోస్తూ తలెత్తలేదు. "పిల్ల బుగ్గలు చూడు. ఎన్నాళ్ళైంది అంత ఎరుపు చూసి? మధ్యాహ్నం రెండు పళ్ళేల కుస్కుస్ తింది" అంది.

పిల్లకి తలంటాను. నీళ్ళు నల్లగా పోయాయి. నిజం చెప్పొద్దూ, బుగ్గలు ఎర్రగానే ఉన్నాయి. తోటలో దాని నవ్వు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకుంటే నాకూ ముచ్చటేసింది. ఈనాటికీ ఆ సాయంత్రం తలుచుకుంటే భయం కంటే ముందు గుర్తొచ్చేది ఆ వాసనే.

వారం తిరగలేదు, పిల్లకి ఆయాసం మొదలైంది. ఒళ్ళు కాలిపోయింది. పెదాలు నీలమయ్యాయి. పోస్టాఫీసు వ్యానులో రాజధాని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తులూ తెల్లగా మంచు పట్టినట్టున్నాయి. డాక్టరమ్మ సౌసెన్ ఫిల్ము వెలుతురుకెత్తి చూసి, మా వైపు తిరిగి, "ఎక్కడ ఆడుకుంది?" అంది.

"ఎరువుపోగులో. పూల పిప్పి తవ్వింది" అన్నాను.

"పూలలో" అంది అత్తయ్య, ఎవరికీ వినపడీ వినపడనట్టు. "పూలలోనే ఆడింది."

డాక్టరమ్మ ఇంకేమీ అడగలేదు, ఎవరు తీసుకెళ్ళారని కూడా. అడిగి ఉంటే బాగుండునేమో. ఆ ప్రశ్న అత్తయ్య దగ్గరే ఉండిపోయింది.

బూజుని చంపే మందు సీసాలోంచి నరంలోకి ఎక్కుతుంటే దలెండా వణికిపోయేది. మంచం ఇనప కడ్డీలు గలగలమనేవి. అత్తయ్య దాని పాదాలు తన ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో కప్పి కూర్చునేది. తలగుడ్డ మడతలో దాచి చిన్న పూలనీటి సీసా తెచ్చుకుంది. నర్సు చూసి, గదిలోకి ఇలాంటివి వద్దంది. ఇంకెవరైనా అంటే తిరగబడే మనిషి, మారు మాట్లాడకుండా వరండాలోకి వెళ్ళి సీసా మొత్తం మొక్క తొట్టిలో ఒంపేసి వచ్చింది. పిల్ల కళ్ళు మూసుకునే, "నానమ్మా, దగ్గరికి రా. నీ వాసన బాగుంది" అంది. అప్పుడు చూశాను మా అత్తయ్య ఏడవడం. మామయ్య పోయినప్పుడు కూడా నలుగురిలో ఏడవలేదని మా అమ్మ చెప్పేది.

దలెండా బతికింది. ఎండాకాలం మొదలయ్యాక ఇంటికొచ్చింది, చిక్కి సగమై, మెట్లెక్కితే రొప్పుతూ. ఇప్పుడది పెద్దదై, బడిలో లెక్కలు చెబుతోంది. పొద్దున కాఫీతో పాటు రెండు మందులు మింగుతుంది. వానలు పడ్డాక ఏ తోట పక్కనుంచి వెళ్ళినా ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుంటుంది. అదంతా తర్వాతి మాట.

ఇంటికొచ్చాక అత్తయ్య తన తప్పని ఒక్కసారి కూడా అనలేదు. మనుషుల్ని పెట్టి ఎరువుపోగు తవ్వించి, ఊరి బయటికి తోలించేసింది. ఎందుకంటే "పాములు చేరుతున్నాయి" అంది. పెరడంతా గచ్చు చేయించింది. "నడుం నొప్పి, ఊడ్వలేను" అంది. వచ్చే పూలకాలానికి తోటలో కోత వద్దు, పూలు బజార్లో కొందామని తేల్చేసింది. "ఈ ఏడు మన పూలకి వాసన తక్కువ" అంది. దలెండాని తనే చేయిపట్టుకుని బడికి తీసుకెళ్ళేది. దారిలో ఎవరైనా పిల్లని ముద్దాడితే ఊపడానికి చీపురు లేదు, ఊపాలన్న ఉత్సాహమూ లేదు.

ఊళ్ళో మాత్రం కథ మరోలా తిరిగింది. రాజధాని డాక్టర్లు వదిలేసిన పిల్లని నానమ్మ తోటగాలి, పూలనీరు బతికించాయట. ఆ కథ ఎవరు మొదలెట్టారో గానీ ఊరిలో ఒక్కో గుమ్మం దాటేకొద్దీ పెరిగింది. మెహర్జియా అందరికీ చెప్పేది. అత్తయ్య పక్కనే ఉండి కాదనేది కాదు, అవుననేది కాదు. టీ గ్లాసులో పుదీనా ఆకుల్ని వేలితో కిందికి నొక్కుతూ ఉండేది. నేను నోరు తెరవబోతే మోంజీ బల్లకింద నా కాలు తొక్కేవాడు. "ముసలిది, వదిలెయ్యి" అనేవాడు. వదిలేశాం. మళ్ళీ వసంతం వచ్చింది.

ఆ రోజు మా హాల్లో తెల్ల దుప్పటి మీద బజారు పూలు కుప్పపోసి, అత్తయ్య, నేను, మెహర్జియా తొడిమెలు తీస్తూ కూర్చున్నాం. సల్వా, తౌఫీక్ సూసె నుంచి దిగారు. సల్వా చంకలో కొత్త బిడ్డ నిజార్. మూడో నెల. కళ్ళు అచ్చం మా మామయ్యవే.

"వదినా, వీడికి కాస్త ఒళ్ళు బాలేదు" అంది సల్వా, బిడ్డ చొక్కా జరిపి చూపిస్తూ. చంకలో ఎర్రగా, నిమ్మకాయంత గడ్డ.

నా చేతిలో పువ్వు జారిపోయింది. "టీకా వేయించారా?"

"వేయించాం. అందరికీ వేసేదేగా" అన్నాడు తౌఫీక్. "అక్కా, నువ్వు మొదలెట్టకు. ఊపిరి తీసుకోనివ్వు."

"తౌఫీక్, పొద్దున్నే డాక్టరమ్మ సౌసెన్ దగ్గరికి..."

"వద్దొదినా. దలెండాని నెలల తరబడి సూదులతో గుచ్చి గుచ్చి పెట్టారు. చివరికి నయం చేసిందెవరు? అమ్మే కదా. అందుకే తీసుకొచ్చాం. ఈ పూలకోత అయ్యేదాకా వీణ్ణి అమ్మ దగ్గర వదిలి వెళ్తాను. రోజూ తోటలో పడుకోబెడుతుంది."

"మంచి పని చేశావమ్మా" అంది మెహర్జియా. "మీ అమ్మ చేతిలో ఏదో ఉంది. ఊరందరికీ తెలుసు."

అందరూ అత్తయ్య వైపు చూశారు. ఆవిడ పూల తొడిమెలు తీస్తూనే ఉంది. "ఈ ఏడు తోటలో పాములు ఎక్కువ" అంది.

"ఉయ్యాల కడదాంలే అమ్మా."

"నాకు నడుం నొప్పి. బిడ్డని ఎత్తుకోలేను."

"నేనూ ఉంటాను రెండు వారాలు. నువ్వు ఊరికే పక్కన కూర్చుంటే చాలు."

"గాలి మంచిది కాదు ఇప్పుడు."

"తోటగాలి మంచిది కాదా?" సల్వా నవ్వింది. "ఆ మాట నువ్వంటున్నావా? ఫోన్లో నువ్వేగా చెప్పావు, తోటగాలికే దలెండా కోలుకుందని. అందుకే కదా మేం ఆ పరీక్షా గిరీక్షా పట్టించుకోలేదు."

అత్తయ్య చేతులు ఆగిపోయాయి. వేళ్ళ మధ్య ఒక పువ్వు నలిగి, రసం గోటిమీదికి జారింది. ఆవిడ నన్ను చూడలేదు. బిడ్డని చూసింది. ఆ గడ్డని చూసింది. లోపలి గదిలో దలెండా ఎక్కం వల్లెవేస్తూ, మధ్యలో ఊపిరికోసం ఆగడం వినిపించింది. నేను చెబితే చదువుకున్న భయమంటారు. ఆ గదిలో తౌఫీక్‌ని కదిలించగల నోరు ఒక్కటే ఉంది, అది అరవై ఏళ్ళుగా వెనక్కి తగ్గి ఎరగదు.

"మెహర్జియా" అంది అత్తయ్య, "నువ్వు కూడా విను. ఎలాగూ నువ్వు చెబితేనే ఊరు నమ్ముతుంది."

చేతులు దుప్పటి అంచుకి తుడుచుకుంది.

"దలెండాని నేను బతికించలేదు. ఆ సూదులు బతికించాయి. తోట దాన్ని చంపబోయింది. తోటననడం ఎందుకు, చెట్టు నడిచి ఇంటికొచ్చిందా? డాక్టరమ్మ వద్దంది. నా కోడలు వద్దంది. కన్నకొడుకు వద్దన్నాడు. ఇది ఇంట్లో లేని పూట చూసుకుని పిల్లని నేనే తీసుకెళ్ళాను, నా చేత్తోనే పార ఇచ్చాను, పీల్చమని నేనే చెప్పాను. తర్వాత ఊరంతా నన్ను పొగుడుతుంటే నోరు మూసుకుని కూర్చున్నాను. మీ అక్క మాట వినొద్దని నీకు ఫోన్లో చెప్పిందీ నేనే, తౌఫీక్. వీడి చంకలో ఆ గడ్డ ఉందంటే, అందులో నా మాట ఉంది."

"అమ్మా..." అంది సల్వా.

"ఆగు, మళ్ళీ చెప్పే ఓపిక నాకుండదు. రేపు పొద్దున మొదటి బస్సుకి వీణ్ణి తీసుకుని ఆ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళండి. నేనూ వస్తాను. ఆవిడ అప్పుడు అడగలేదు, ఈసారి అడక్కపోయినా చెబుతాను." అప్పుడు నా వైపు తిరిగింది. "నీకూ చెప్పాలి, నెయిలా. తప్పు నాది. పూర్తిగా నాదే."